తిరిగి చెప్పని కేక

నాకు మొండిదాన్నని పేరు. ఊరికే రాలేదు, కష్టపడి తెచ్చుకున్నాను.

ఏటి వంపులో వాటంతటవే పెరిగిన విల్లో, పోప్లర్ చెట్లను చూసి నమోదు చేయడం మా ఆఫీసు పని. గట్టు కట్టించే ఇంజినీరు మాత్రం అవన్నీ ఎవరో నాటినవే, కొట్టేయొచ్చు అంటాడు. ఈ చెట్లలో ఆడవి వేరు, మగవి వేరు. నాటినవైతే ఒకే చెట్టు కొమ్మలు తెచ్చి పాతి ఉంటారు కాబట్టి అన్నీ ఆడవో, అన్నీ మగవో అవ్వాలి. రెండూ కలిసి ఉంటే అడవి చెట్లే. అది కాగితం మీద చూపించకపోతే రేపు రంపాలు దిగుతాయి.

పోయిన వానల్లో ఆ వంపులోనే మాతో పనిచేసే పెద్దాయన మునిగిపోయాడు. మనిషి దొరకలేదు. అప్పట్నుంచి అక్కడికి రమ్మంటే ఆఫీసులో అందరికీ కడుపునొప్పే. చివరికి మా మరిదిని లాక్కెళ్లాను. మనిషి బాగా పొడుగు, నేను నిచ్చెన అంటాను. నిచ్చెనకి మాత్రం భయం ఉండదా వదినా అని గొణుగుతూనే వచ్చాడు.

అతను చెట్ల మధ్యకి వెళ్లి పూత చూసి కేకేస్తాడు. ఒడ్డు మీద నేను ఆ మాటే గట్టిగా తిరిగి చెప్పి రాసుకుంటాను. తిరిగి చెబితేనే ఖాయం. చెప్పకపోతే ఆ చెట్టు లేనట్టే.

మధ్యాహ్నం దాటాక ఏటి మీంచి మంచు లేచింది. బురద వాసన, కుళ్లిన ఆకుల వాసన. గాలి లేదు. అయినా కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు వస్తూనే ఉంది. మరిది కనబడటం లేదు, కేకలు మాత్రం వస్తున్నాయి.

"విల్లో. ఆడ. బతికుంది."

తిరిగి చెప్పాను. రాశాను.

"పోప్లర్. మగ. బతికుంది."

అదీ చెప్పాను. అప్పుడు ఎవరో నా భుజం తట్టారు.

"వదినా... ఎవరికి చెప్తున్నావు?"

మరిది. నా వెనక. చేతిలో ఫ్లాస్కు. మంచులో ఏమీ కనబడక ఎప్పుడో బండి దగ్గరికి వచ్చేశాడట.

మంచులోంచి మళ్లీ కేక. "పోప్లర్. ఆడ. ఎండిపోయింది." మరిది గొంతే... కానీ మరిది నోరు మూసుకునే ఉంది.

తర్వాత నీళ్లు కదిలాయి. దగ్గరగా...

"మనిషి. మగ. మునిగాడు."

గొంతు ఆగింది. నేను తిరిగి చెప్పాలని కాచుకుని ఉంది. చెబితే ఖాయం, మరిది మునిగినట్టే.

పక్కన మరిది పెదవులు కదిలాయి. తనే చెప్పబోతున్నాడు. గబుక్కున చేత్తో నోరు మూసేశాను.

భయం వేసింది. అబద్ధమెందుకు. కానీ ఆ వెంటనే ఒళ్లు మండింది. నా ప్రాణం తియ్యడానికి ఇంజినీరు ఒకడు చాలడా? మళ్లీ ఇదొకటా?

"రాయను," అన్నాను. "మనిషి. మగ. బతికున్నాడు. ఇప్పుడు నువ్వు తిరిగి చెప్పు."

కొమ్మల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి, మంచులోంచి, నెమ్మదిగా...

"బతి... కున్నాడు."

మరిది రెక్క పట్టుకుని బండి దాకా ఈడ్చుకొచ్చాను. కాగితాలు మాత్రం వదల్లేదు.

మర్నాడు ఎండలో వెళ్లి ప్రతి చెట్టూ సరిచూశాం. చెట్ల గురించి ఆ గొంతు చెప్పినవాటిలో ఒక్కటీ తప్పు లేదు, ఆడవీ మగవీ కలిసే ఉన్నాయి. ఇంజినీరు మొహం మాడ్చుకుని రంపాలు వెనక్కి పట్టుకుపోయాడు.

మరిది బాగానే ఉన్నాడు. తింటున్నాడు, నామీద జోకులేస్తున్నాడు. ఒక్కటే సంగతి. గుమ్మం దగ్గర విప్పిన అతని బూట్లలో రోజూ పొద్దున్నే ఏటి నీళ్లు ఉంటున్నాయి. మొదట మడమ తడిసేంత. ఇప్పుడు అంచు దాకా...

అతనికి చెప్పలేదు. అందరికంటే ముందే లేచి వీధిలో పారబోస్తున్నాను. విసుగు ముందు ఏటికొస్తుందో, నాకొస్తుందో చూద్దాం.