సీవా క్యాప్సూల్

ఉదయం పదిన్నరకి, అలెగ్జాండ్రియా సముద్రపు రోడ్డు మీది కాఫీ కొట్టులో డాక్టర్ మకార్ రెండో గుక్క కాఫీ తాగి టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. వెయిటర్ వచ్చి లేపేసరికి ప్రాణం లేదు. పక్క టేబుల్ ఖాళీగా ఉంది.

పన్నెండుకల్లా ఏజెంట్ నజీహ్ సర్హాన్ కల్నల్ ఫిక్రీ గదిలో ఉన్నాడు.

"పెద్దపేగు పుండుకి మందు కనిపెట్టాడు మకార్," అన్నాడు కల్నల్. "సీవా ఒయాసిస్ ముసలివాళ్ల కడుపులో దొరికిన బాక్టీరియా. దాన్ని ప్రాణంతోనే క్యాప్సూల్‌లో పెట్టి మింగిస్తే పుండు మానుతుంది. రేపు మధ్యాహ్నం పన్నెండుకి పన్నెండుమంది రోగులకి మొదటి డోసు."

"ఎవరికి కన్ను కుట్టింది సార్?"

"విదేశీ ముఠాకి. రేపటి క్యాప్సూల్స్ తీసేసి, వాటి బదులు విషపువి పెడతారు. రోగులు పోతారు, మందుకి చెడ్డపేరు వస్తుంది. అసలుది సరిహద్దు దాటి వేరే పేరుతో అమ్మకానికొస్తుంది. ల్యాబ్ నుంచి వార్డుకి వచ్చే వ్యాన్‌లో మార్పిడి జరుగుతుందట. కబురు పంపింది మీ జీలానే."

డాక్టర్ జీలాన్ మకార్ ల్యాబ్‌లో ఫ్రీజర్ గది ఇన్‌ఛార్జి. ముఠా మనిషిగా నటిస్తూ రెండేళ్లుగా నజీహ్‌కి రహస్యాలు అందిస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె రోడ్డు దాటుతుంటే ట్రామ్ డ్రైవర్లు గంట కొట్టడం మరిచిపోతారు. వచ్చే నెల ఆమె వేలికి ఉంగరం తొడగాలని నజీహ్ అనుకుంటున్నాడు. ఈ సంగతి ఫైల్లో లేదు.

మర్నాడు పొద్దున గడ్డానికి తెల్లరంగు, ఒంటికి చారల పైజమా, నడుముకి బెల్టు పెట్టె. ట్రయల్ వార్డులో పదమూడో రోగిగా నజీహ్ తయారు.

జీలాన్ మంచం పక్కగా వెళుతూ ఆగింది. "రాత్రి ఫూల్ చిక్కుడుగింజల కూర తిన్నారా, హాజీ?"

"తిన్నానమ్మా. వెల్లుల్లి ఎక్కువైంది."

అంతా క్షేమమని ఆ కోడ్‌కి అర్థం. ఆమె నవ్వు దాచుకుంటూ వెళ్లిపోయింది.

బెల్టు పెట్టెకి జతగా ఒక కెమెరా మాత్ర ఉంది. రోగి మింగితే లోపల సెకనుకి రెండు ఫోటోలు తీసి పెట్టెకి పంపుతుంది. డిపార్ట్‌మెంట్ వాళ్లు దాని రేంజ్ పెంచారు. నజీహ్ దాన్ని మింగలేదు. తెల్లారకముందే ఫ్రీజర్ గది అలమారలో, కెమెరా కన్ను బయటికి ఉండేలా దూదిలో దాచాడు. అనుమానంతో కాదు. ముఠావాళ్లు ఆ గదికొచ్చి జీలాన్‌ని ఏమైనా చేస్తారేమోనని.

పదకొండూ నలభైకి బాత్రూమ్‌లో తలుపు గడియపెట్టి, పొద్దుటి నుంచి పెట్టెలో చేరిన ఫోటోలు తెరిచాడు. ఫోటోల్లో జీలాన్ ఫ్రీజర్ గదిలోకి వచ్చింది. పన్నెండు క్యాప్సూల్స్ ట్రే బయటికి తీసింది. బ్యాగులోంచి అచ్చు అలాంటిదే ఇంకో ట్రే తీసి దాని స్థానంలో పెట్టింది. మొదటిది ఫ్లాస్కులోకి పోయింది. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంది.

ఇదేదో ఎత్తు అయి ఉంటుందనుకున్నాడు. రెండోసారి చూశాడు. మూడోసారి చూడటానికి చేతులు రాలేదు.

వరండాలో ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"మకార్‌ని కూడా నువ్వేనా?"

జీలాన్ తడబడలేదు. "సీవాలో మూడేళ్లు ఇసుక మింగింది నేను. ఆ బాక్టీరియాని పట్టుకున్నది నేను. పేరు మాత్రం ఆయనది. వాళ్లు నా పేరు పెడతామన్నారు."

"పన్నెండుమంది చస్తారు, జీలాన్."

"తెలుసు."

"మరి నేను?"

"నువ్వు మంచివాడివి. అడక్కుండానే నమ్ముతావు. ఇప్పుడు కూడా నీ మీద ఇష్టంతోనే నిలబడి మాట్లాడుతున్నాననుకున్నావు." ఆమె గోడ గడియారం వైపు చూసింది. "పన్నెండయింది."

ఆమెని వదిలేసి పరిగెత్తాడు.

వార్డులో మొదటి మంచం తహానీది. ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి, పదేళ్లుగా పేగు పుండుతో సగమైపోయిన టీచరమ్మ. క్యాప్సూల్ నాలుక మీద ఉంది. గ్లాసు పెదవి దాకా వచ్చింది. నజీహ్ చేత్తో గ్లాసు కొట్టేశాడు.

"ఉమ్మెయ్యండి."

తహానీ క్యాప్సూల్ అరచేతిలోకి ఉమ్మి, అతన్ని ఎగాదిగా చూసింది. "తెల్లగడ్డం వచ్చింది గానీ మర్యాద రాలేదా నీకు?" తర్వాత అతని కళ్లలో ఏం కనిపించిందో, వార్డంతా వినబడేలా అంది: "ఎవరూ మింగకండి. తిరిగి ఇచ్చేయండి."

మిగతా పదకొండుమందీ బడిపిల్లల్లా చేతులు చాచారు.

జీలాన్ గేటు దాటలేదు. ఆమె మాట నమ్మి వ్యాన్ కోసం కాపు కాసిన డిపార్ట్‌మెంట్ మనుషులే ఆమెని ఫ్లాస్కుతో సహా పట్టుకున్నారు.

వారం తర్వాత కల్నల్ ఫిక్రీ నజీహ్‌ని పిలిపించాడు. బాక్టీరియాని పెంచడం ఇప్పుడు ఆమె ఒక్కదానికే తెలుసు. అందుకని రోజూ జైలు నుంచి ఇద్దరు పోలీసుల మధ్య ల్యాబ్‌కి తెస్తున్నారు. కొత్త క్యాప్సూల్స్ సిద్ధమయ్యాయి. పరీక్షల్లో తేడా కనిపించలేదు, అయినా రోగులకిచ్చే ముందు ఆరోగ్యవంతుడొకడు మింగి చూపించాలి. మన డిపార్ట్‌మెంట్ మనిషైతే మేలు.

కల్నల్ మొహమాటంగా చిన్న డబ్బా ముందుకి తోశాడు. "భయంగా ఉంటే చెప్పు. ఇంకొకర్ని చూస్తాను."

నజీహ్ క్యాప్సూల్ నోట్లో వేసుకుని మింగేశాడు.

"దీనిదేముంది సార్, అరిగిపోతుంది," అన్నాడు. "అరగనిది వేరే ఉంది."