గుహలో లెక్కకు రాని మనిషి

గోరంతను కొండంత చేయడం నాకు చేతకాదు. ఈ గూఢచారి గురించి చెప్పేదంతా జరిగింది జరిగినట్టే.

అతని అన్న సముద్రపు గుహలో గైడు. జనం ఎక్కువైతే వాళ్ల ఊపిరికే లోపలి రంగురాళ్లు పాడవుతాయని అక్కడ డిజిటల్ సిస్టమ్ పెట్టారు. ప్రతి చేతికీ ఒక బ్యాండు. గుహ నిండగానే గేటు మూసి, మిగతావారి ఫోన్లకు వేరే చోటు చూపిస్తుంది. సముద్రం పోటెత్తే ముందు అందరినీ బయటికి పంపుతుంది.

ఆ సిస్టమ్ పరువు తీసి గుహను కాజేయాలని ఒక విదేశీ ముఠా సర్వర్‌లోకి దూరి, లోపల సున్నా అని చూపించింది. నీళ్లొచ్చాయి. మెషిన్ ఎవరూ లేరంటోందని రెస్క్యూ టీమ్ కదల్లేదు. లోపల అన్న ఉన్నాడు, ఇక తిరిగి రాలేదు.

గూఢచారి శాఖ చీఫ్ తమ్ముణ్ని పిలిచి ఫైలు ముందుకు తోశాడు. ఈ సెలవు రోజున గుహ నిండా జనం ఉండగా ముఠా మళ్లీ అదే పని చేయబోతోందట.

"ముఠా బాస్‌ని ప్రాణాలతో తేవాలి."

"చూద్దాం సార్."

తమ్ముడు టార్చిలైట్లు అద్దెకిచ్చేవాడి వేషంలో గేటు దగ్గర కూర్చున్నాడు. నల్లకళ్లద్దాలు, హైహీల్స్‌తో బాస్ సెక్రటరీ వచ్చి టార్చి అడిగింది.

"ఎంతసేపు వెలుగుతుంది?"

"దొంగ దొరికేదాకా."

కోడ్ కలిసింది. అతను గొంతు తగ్గించి, "అంతా సిద్ధమేనా వదినా?" అన్నాడు.

"బ్యాండుల లెక్క చెరిపే వాడి జామర్‌లో చిప్ మార్చేశాను. ఈ చెప్పులు కాళ్లు కొరికేస్తున్నాయి, త్వరగా కానీ అబ్బాయ్."

ఎవర్నీ నమ్మని బాస్ జామర్ పట్టుకుని తానే వచ్చాడు. ఎక్కడా తన జాడ మిగలకూడదని వాడి పట్టుదల. అందుకే బ్యాండు కట్టుకోకుండా స్టాఫ్ తలుపులోంచి దూరి, జామర్ నొక్కాడు. అది పనిచేయలేదు. పోటు సైరన్ మోగింది. బ్యాండు చూపినవారికల్లా గేటు తెరుచుకుంది. ఆఖరి మనిషి బయటపడగానే తలుపులన్నీ లాక్. స్క్రీన్ మీద సున్నా.

ఇంటర్‌కామ్‌లో బాస్ గొంతు. "తలుపు తియ్యండి. నేను లోపలున్నాను."

"మెషిన్ ఎవరూ లేరంటోంది సార్," అన్నాడు తమ్ముడు.

వదిన మైకు లాక్కుంది. "మా ఆయన కూడా ఇలాగే పిలిచుంటాడు. నీ మనుషులు ఎక్కడెక్కడున్నారో చెప్పు. రికార్డవుతోంది."

నీళ్లు గడ్డానికి తగిలేసరికి వాడు అందరి పేర్లూ కక్కేశాడు. అయినా తమ్ముడి వేలు తలుపు స్విచ్ మీదకు పోలేదు.

"తియ్యి అబ్బాయ్," అంది వదిన. "చస్తే తేలిగ్గా పోతాడు. జైల్లో రోజూ పొద్దునా సాయంత్రమూ వాణ్ని నిలబెట్టి లెక్కపెట్టనీ."

ఆఖరి క్షణంలో తలుపు తెరుచుకుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. నీళ్లు గడ్డం దాకా రాలేదు, మోకాళ్లు కూడా దాటలేదు. వాడి కేకలు మాత్రం గడ్డం దాకా మునిగినట్టే ఉన్నాయి, నేనేం చేయను?