పుల్లయ్య లాగిన్

“ఇకమీదట ఏ రికార్డు ఎవరు మార్చినా వాళ్ల పేరే పడుతుంది జాన్సన్. ఒకరి పాపం ఇంకొకరి నెత్తిన రుద్దే రోజులు పోయాయి.”

ఆగస్టులో మా ఆఫీసరు తిరుపతిరావు గారు నాకిచ్చిన మాట ఇది. నమ్మాను. ‘చీకటి గదుల పాలన నశించాలి’ అని బెజవాడ గోడల మీద రాసినవాణ్ణి, నమ్మకేం చేస్తాను? వరద బాధితులకు ఇళ్లిచ్చే వెబ్‌సైటులో, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ నేనే రాశాను.

అంతకుముందు ఆఫీసంతా ఆపరేటర్ పుల్లయ్య లాగిన్‌తోనే పనిచేసేది. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కి అతికించి ఉండేది. ఆయన మే నెలలో పోయాడు. ఆ తర్వాత కూడా మూడు నెలలు ఆయన పేరుమీదే రికార్డులు మార్చారు. చచ్చినవాణ్ణి ఎవరు నిలదీస్తారు?

ఆ లాగిన్ నేనే తీసేశాను.

సోమవారం మధ్యాహ్నం కౌంటర్ దగ్గర జమీలా అనే ఆవిడ నిలబడింది. “గంట నుంచి పిలుస్తున్నా సార్, ఒక్కరూ తలెత్తరు. కంప్యూటర్లో నేను చచ్చిపోయానంట. చచ్చినదాన్ని లైన్లో ఎందుకు నిలబెట్టారండీ?”

శనివారం జాబితా ఖరారు. ఆలోగా సరిచేయకపోతే ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ ఇల్లు లేదు. ‘జీవించి ఉన్నారు’ అని మార్చాను. కళ్లముందే ‘మరణించారు’ అయింది.

మార్చినవారు: పుల్లయ్య.

మళ్లీ మార్చాను. మళ్లీ పుల్లయ్య.

కరెంటు పోయింది. అందరూ టీకి లేచారు. ఫ్యాన్లు ఆగిన గదిలో తడిసిన ఫైళ్ల ముక్కవాసన. అందులోంచి మెల్లగా నొప్పుల మందు ఘాటు... పుల్లయ్య మెడకి రాసుకునేది.

టక్... టక్...

మూలనున్న ఆయన సీట్లో. ఒక్క వేలితో.

“ఎవరు సార్ అక్కడ?” జమీలా గొణిగింది.

“ఎవరూ లేరమ్మా.”

“మరి ఆ మీటలు దిగుతున్నాయే...”

“పుల్లయ్య గారూ...” మూల సీటువైపు తిరిగాను. “ఆవిణ్ణి వదిలేయండి. కావాలంటే... నా పేరు రాసుకోండి.”

చప్పుడు ఆగింది.

కరెంటొచ్చింది. జమీలా: జీవించి ఉన్నారు. కింద ఇంకో పేరు... నాది. ఆ జాబితాలో నేనెప్పుడూ లేను. జాన్సన్: మరణించారు.

టీ తాగొచ్చిన గుమాస్తా సంజీవరావు, “ఏమ్మా, ఎంతసేపైంది వచ్చి?” అన్నాడు జమీలాతో.

“ఇప్పటిదాకా ఈ సారు...” ఆవిడ నావైపు తిరిగింది. నా కుర్చీ చూసింది. నన్ను చూడలేదు.

మానిటర్‌కి కొత్త చీటీ. పుల్లయ్య వంకర రాత. నేనెవరికీ చెప్పని నా పాస్‌వర్డ్. సంజీవరావు అది చూసి నా లాగిన్‌లోకి వెళ్లాడు.

సాయంత్రానికి నా పేరుమీద పదకొండుమందిని చంపారు. అరిచాను. ఎవరూ తలెత్తలేదు. రేపు చంపాల్సిన వరసలో మొదటి పేరు మళ్లీ జమీలా.

తిరుపతిరావు గారూ, చచ్చినవాడి రాతతో ఆ చీటీ ఎవరు రాశారు? సెప్టెంబరు 23, 2006, శనివారం లోపు నాకు జవాబు కావాలి.