కవరు లేని రజాయి

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి కోడలు రజాయి కవరులోకి నడుం దాకా దూరి మూడో మూల కోసం వెతుకుతోంది. రెండు మూలలు దొరికాయి, నాలుగోది మంచం పక్కన వేలాడుతోంది. మూడోది మాత్రం మధ్యలో ఎక్కడో ముద్దగా చేరి, చేతికి దొరికినట్టే దొరికి జారిపోతోంది. కుడి భుజం అప్పటికే సలుపుతోంది.

"అమ్మా, లోపల బాగానే ఉన్నావా?" అంది కూతురు గుమ్మంలోంచి, పళ్లు తోముకుంటూ.

"వచ్చి ఓ చెయ్యి వెయ్యి, తెలుస్తుంది."

నోట్లో బ్రష్షు ఉందన్న సాకుతో పిల్ల మాయమైంది. హాల్లో కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్న భర్త పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. వారమంతా స్టీరింగు తిప్పాను కాబట్టి ఆదివారం పేజీలు తప్ప ఇంకేమీ తిప్పనని ఆయన నియమం.

ఆ మాటకొస్తే కోడలిది మాత్రం కూర్చుని చేసే ఉద్యోగమేం కాదు. హోటల్లో గదులు సర్దుతుంది, రోజుకి పద్నాలుగు గదులు. ఆరు రోజులు ఎవరెవరో పడుకున్న పక్కలు సర్ది, ఏడో రోజు ఇంట్లో ఉంటే ఇక్కడ మూడు మంచాలు నోరు తెరుచుకుని ఎదురుచూస్తుంటాయి.

ఆ కవర్లన్నీ అత్తగారు కుట్టినవే. ముప్ఫై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషి. కళ్లు మసకబారి కొట్టు మూసేసినప్పుడు ఒక తాను లేత నీలం గుడ్డ మిగిలిపోతే, దాంతో ఇంట్లో రజాయిలన్నిటికీ కవర్లు కుట్టింది. అడుగున ఎనిమిదేసి బొత్తాలు, లోపల నాలుగు మూలలా కట్టుకోవడానికి నాడాలు. పోయిన చలికాలంలో మిగిలిన గుడ్డతో తన మంచానికి మరో నాలుగు కుట్టుకుంది. ఎందుకత్తయ్యా ఇన్ని అంటే, చెయ్యి ఊరికే ఉండదమ్మాయ్ అంది.

కవర్లు అందంగా ఉంటాయి, కాదనడానికి లేదు. కోడలి కడుపుమంటంతా ఆ బొత్తాల దగ్గరే. అత్తగారి మంచం గోడవారగా ఉంటుంది. గోడవైపు చివరి బొత్తం పెట్టాలంటే మంచం మీదికి ఒరిగి భుజం చాపాలి. అందుకే ఏడు పెట్టి ఎనిమిదోది వదిలేస్తుంది. కానీ మళ్లీ ఆదివారం వచ్చి చూసేసరికి ఎనిమిదో బొత్తం కూడా పెట్టి ఉంటుంది. ఏడాదిగా ప్రతి వారం ఇదే తంతు. నోరు తెరిచి ఒక్క మాట అనదు కానీ, నీ పని నాకు నచ్చలేదని బొత్తంతో చెప్పి పంపిస్తోంది మహాతల్లి అనుకుంటూ కోడలు లోలోపల ఉడికిపోయేది.

అలాంటి సమయంలో హోటల్లో రజాయిలన్నీ మార్చేశారు. కొత్తవాటికి అసలు కవరే లేదు. పైగుడ్డ, లోపలి దూది కలిపే కుట్టేశారు. మంచం మీంచి లాగడం, మొత్తంగా మెషిన్లో పడెయ్యడం, ఆరాక పరిచెయ్యడం. మొదటిరోజు పద్నాలుగు గదులూ గంట ముందే అయిపోతే కోడలు ఏం చెయ్యాలో తోచక సామాన్ల గదిలో కాసేపు ఊరికే నిలబడింది. ఆ వారమే మూడు కొని ఇంటికి మోసుకొచ్చింది.

అత్తగారు కొత్త రజాయి అంచు రెండు వేళ్లతో పట్టుకుని కుట్టు చూసింది.

"కవరు లేకుండానా? లోపల ఆస్తరు వెయ్యకుండా కోటు కుట్టినట్టుంది."

"హాయిగా ఉతుక్కోవచ్చు అత్తయ్యా. మురికైతే మొత్తం మెషిన్లో వేసెయ్యడమే."

"మొత్తమా? ఎన్నాళ్లకోసారి?"

"నెలకోసారి ఉతికినా చాలు."

అత్తగారు అంచు వదిలేసింది. "నాకు వద్దు. నా మంచానికి నా పాత రజాయి, నా కవర్లు ఉండనీ."

"మీ ఒక్క మంచం కోసం నేను ప్రతి ఆదివారం మూలలు వెతుక్కోవాలా?"

"నిన్నెవరు వెతకమన్నారు? నా పక్క నేను మార్చుకుంటాను."

"అవును, ఎనిమిదో బొత్తం పెట్టుకుంటున్నారుగా," అంది కోడలు.

అత్తగారి మొహం ఒక్కసారిగా పాలిపోయింది. ఆవిడ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తగలాల్సిన చోటే తగిలిందని కోడలు ఆ పూట కాస్త తృప్తిగానే ఉంది.

ఆ తృప్తితోనే మర్నాటి ఆదివారం పని ముగించేసింది. అత్తగారు కింద అంతస్తులో స్నేహితురాలి ఇంటికి వెళ్లిన అరగంటలో మూడు మంచాల మీదా కొత్తవి పరిచింది. బీరువాలోని కవర్లు, అత్తగారి ట్రంకు పెట్టెలోని నాలుగూ మడత విప్పకుండానే ఒక సంచిలో కుక్కి, పాత రజాయిలతో పాటు వరండా మూల పెట్టింది, ఎవరికైనా ఇచ్చేద్దామని. అత్తగారు తిరిగొచ్చి ఖాళీ ట్రంకు చూసింది. గొడవ చేస్తుందనుకుంటే చెయ్యలేదు. "నా పెట్టె తెరిచావా అమ్మాయ్?" అని మాత్రం అడిగింది. కోడలు తెరిచానంది.

బుధవారం ఉదయం భర్త వంటింట్లోకి వచ్చాడు. కోడలికి ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ.

"అమ్మ గదిలోకి వెళ్లి చూశావా? కొత్త రజాయి మడిచి కుర్చీలో పెట్టేసింది. ఒంటి మీద రెండు శాలువలూ, నాన్న పాత కోటూ. ఇంత చలిలో. దగ్గుతోంది కూడా."

"కప్పుకోవద్దని నేను చెప్పానా?"

"సాయంత్రం టీ కూడా మానేసిందట. పిల్ల చెప్పింది. మంచినీళ్లు కూడా ముట్టడం లేదట."

"అంటే నా మీద నిరాహార దీక్షా?"

"ఒక్క కవరు కోసం ముసలావిడని ఇంత ఏడిపించాలా అంటున్నాను. పెద్దావిడ కుట్టుకున్నవి. వాటి మీద ఆవిడకి మమకారం ఉండదా?"

కోడలు చేతిలో గిన్నె ఠప్పున గట్టు మీద పెట్టింది. ఇన్నేళ్ల ఆదివారాలన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"ఒక్క కవరా? ఎప్పుడైనా తొడిగారా మీరు? నా భుజం ఎందుకు నొప్పో ఒక్కసారైనా అడిగారా? మీ అమ్మగారేమో నేను పెట్టిన పక్కలో తప్పులు దిద్దుతారు, మీరేమో పేపరు చదువుతారు. రండి. ఇవాళ మీరు తొడగండి, చూస్తాను."

"నాకు బస్సుకి టైమవుతోంది."

"ఇంకా గంటన్నర ఉంది. రండి."

వరండాలోంచి సంచీ, పాత రజాయీ లాక్కొచ్చి తమ మంచం మీద పడేసింది. పైనున్న కవరు ఆయన చేతిలో పెట్టింది. ఇదెంత పని అన్నట్టు ఆయన చొక్కా చేతులు మడిచి, రజాయి మూల ఒకటి పట్టుకుని కవరులోకి దూరాడు. ముందు తల మాయమైంది, తర్వాత భుజాలు. కాసేపటికి నడుం కిందనుంచే మనిషి.

"మూల ఏది? ఇందాక ఇక్కడే ఉందే."

"వెతకండి."

"ఇందులో గాలి ఆడట్లేదు."

"నాకు ఏళ్లుగా ఆడట్లేదు. అలా కాదు, ముందు కవరు తిరగెయ్యాలి. చూపిస్తానుండండి," అంటూ కోడలు సంచిలోంచి మరో కవరు తీసి, లోపలికి చేతులు పెట్టి, మూలలు పట్టుకుని బయటికి తిరగేసింది.

ఆ కవరు లోపలివైపు మధ్యలో రెండు జానల వెడల్పున ఇంకో గుడ్డ కుట్టి ఉంది. పల్చటి రెయిన్‌కోటు గుడ్డ. చుట్టూ కళ్లకి కనబడనంత సన్నటి కుట్టు, ఆ మసక కళ్లతో చేత్తో వేసింది. ఉతికి ఉతికి నీలం అక్కడ బాగా వెలిసిపోయింది. సబ్బు వాసన.

కోడలు పన్నెండేళ్లుగా పక్కలు తీస్తున్న మనిషి. అదెందుకో తనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పైనున్న రెండు కవర్లూ పక్కకి పడేసి సంచి అడుగుకి చెయ్యి పెట్టింది. ట్రంకు పెట్టెలోని నాలుగింటికీ అదే గుడ్డ. నాలుగూ ఒకే నీలం, ఏది ఎప్పుడు మార్చినా ఇంట్లో ఎవరికీ తెలియకుండా. ఎనిమిదో బొత్తం గుర్తొచ్చింది. తప్పు దిద్దడానికి పెట్టింది కాదు అది. నిద్రలో పక్క తడిసిన రోజున, ఎవరూ లేవకముందే దుప్పటీ కవరూ తీసి, బాత్రూంలో పిండుకుని, వెనక కిటికీకి ఆరేసి, పొడివి వేసుకుని, ఆదివారానికల్లా మళ్లీ మామూలు కవరు తొడిగి, అలవాటుకొద్దీ దర్జీ మనిషి ఎనిమిది బొత్తాలూ పెట్టుకుంది. కవరు లేని రజాయి అయితే తడిసినప్పుడు ఒంటరిగా ఎత్తగలదా? ఎక్కడ ఆరేసి దాచగలదు? అందుకే నీళ్లు మానేసింది. నేనేమో దీక్ష అన్నాను.

తలెత్తేసరికి గుమ్మంలో అత్తగారు. మామగారి పాత కోటు భుజాల మీద వేసుకుని, కోడలి చేతిలోని గుడ్డవైపు చూస్తూ నిలబడింది. ఆ చూపు కోడలు ఇంతకుముందు చాలాసార్లు చూసింది, హోటల్లో, తలుపు తీసి పక్కకి తప్పుకునే ముసలివాళ్ల కళ్లలో. సొంత ఇంట్లో చూస్తాననుకోలేదు.

"ఏమైంది? ఎవరూ మాట్లాడరేంటి?" అన్నాడు భర్త కవరు లోపల్నుంచి.

కోడలు గబగబా కవరుని తిరగేసి, ఆ అతుకు లోపలికి పోయేలా మడిచేసింది.

"ఏం లేదు. మీరు మూడో మూల వెతకండి."

ఆయన బయటపడేసరికి జుట్టు రేగి, చెమట పట్టి ఉన్నాడు. రజాయి లోపల తాడులా మెలి తిరిగింది. "సరే, ఒప్పుకుంటున్నాను. ఇది మనుషులు చేసే పని కాదు," అని భార్యతో చెప్పి, తల్లివైపు తిరిగి, "అమ్మా, ఇక కొత్తదే కప్పుకో," అనేసి స్నానానికి వెళ్లిపోయాడు.

ఆయన డ్యూటీకి వెళ్లాక కోడలు రెండు కప్పుల్లో టీ పోసుకుని అత్తగారి గదిలోకి వెళ్లింది. ఆవిడ గోడవైపు మొహం పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

"తాగండి అత్తయ్యా."

"వద్దమ్మాయ్."

"తాగండి. తడిస్తే నేను తీస్తాను."

అత్తగారి భుజాలు కదిలాయి. "ఏడాదైంది," అంది. "మొదట్లో ఎప్పుడో ఒకసారి. తర్వాత వారానికి రెండు మూడు సార్లు. నిద్రలో తెలియడం లేదు. ముప్ఫై ఏళ్లు పది మందికి బట్టలు కుట్టి, చివరికి నా బట్ట నేను..." అని ఆగిపోయింది.

కోడలు పక్కన కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"ఊరందరి పక్కలూ ఎత్తి వస్తావు. ఇంట్లో నాదీ ఎత్తించనా? ఆదివారం నీ భుజం చూస్తూనే ఉన్నాను. నాది నేనే మార్చుకుంటానంటే నువ్వు ఒప్పుకోవు. రోజూ నేనే చేసుకుంటున్నానని చెప్పలేను."

కోడలికి ఏడుపొచ్చింది. వారం వారం బొత్తం చూసి తను తిట్టుకున్న తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. "నేను మీ పెట్టె తెరిచాను. తప్పు చేశాను అత్తయ్యా. ఆ బొత్తం సంగతి నేనేమనుకున్నానో తెలుసా? నన్ను వెక్కిరిస్తున్నారనుకున్నాను."

"వెక్కిరించాలంటే నాకు నోరు లేదా?" అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. అది నిజమే.

"హోటల్లో రోజూ ఒకటో రెండో పక్కలు ఇలాగే ఉంటాయి. కుర్రవాళ్లవి కూడా. తీస్తాం, వేస్తాం, గది దాటేలోపు మర్చిపోతాం. ముందు నీళ్లు మానెయ్యడం మానండి. దీనికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. శుక్రవారం సెలవు పెడతాను, వెళ్దాం."

"వాడికేమని చెప్తావు?"

"నా భుజం చూపించుకోవడానికి మీరు తోడొస్తున్నారని."

అత్తగారు టీ కప్పు అందుకుంది. కుర్చీలోని కొత్త రజాయి చూస్తూ, "మరి ఇది? ఇంత లావుది..." అంది.

"అది పిల్లకి రెండోదవుతుంది. మీకు సన్నవి రెండు తెస్తాను, రెండూ ఒకే నీలం. ఒకటి మంచం మీద, ఒకటి మెషిన్లో. కింద పరుపుకి ఆ రెయిన్‌కోటు గుడ్డ మీరే కుట్టుకోండి, మీలా నాకు రాదు."

"రోజూ మెషిన్ తిరిగితే వాడు అడగడూ?"

"నా యూనిఫాం ఉంది కదా. ఇవాళ్టి నుంచి అది రోజూ ఉతకాలి."

శుక్రవారం డాక్టరు భుజానికి పూత మందూ, అత్తగారికి మాత్రలూ రాసిచ్చాడు. ఇద్దరికీ చెరో వ్యాయామం కూడా చెప్పాడు. అది చేసేటప్పుడు ఇద్దరూ తలుపు వేసుకుంటున్నారు. లోపల్నుంచి నవ్వులు వినిపిస్తుంటే కూతురికి ఏమీ అర్థం కావడం లేదు.

మళ్లీ ఆదివారం. తొమ్మిదిన్నరకి పక్కలన్నీ సర్దడం అయిపోయింది. వంటింట్లో మెషిన్ తిరుగుతోంది. గాజు తలుపు వెనక కోడలి యూనిఫాం ఒకటే కనబడుతోంది, దాని వెనక ఏదో లేత నీలం. భర్త హాల్లో పేపరు దించాడు.

"ఏంటి రోజూ ఈ మెషిన్ మోత? ఆదివారం కూడా యూనిఫామేనా? ఒక్క జత బట్టల కోసం ఇంత గోలా?"

కోడలు ఏదో చెప్పబోయేంతలో అత్తగారు గదిలోంచి బయటికి వచ్చింది.

"ఉద్యోగం చేసే మనిషి బట్టలు ఉతుక్కోదురా? ఎందరి పక్కలు ఎత్తితే నీ ఇల్లు గడుస్తోందో తెలుసా నీకు? దాని చేతులకి దణ్ణం పెట్టాల్సింది పోయి మోత అంటావా? పేపరు చదువుకో."

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారు కోడలి వైపు నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన పేజీ తిప్పాడు. కోడలు కళ్లు తుడుచుకోవడానికి మెషిన్ వైపు తిరిగి, ఇంకా పన్నెండు నిమిషాలుందని తెలిసినా, అయిందో లేదో చూస్తున్నట్టు వంగి నిలబడింది.