అద్దాల ఇంట్లో తెల్ల గులాబీ

ఎండ ఇంకా ముదరని వసంతకాలం. ఆదివారం కావడంతో అంత పెద్ద ఉద్యానవనమూ జనంతో కిటకిటలాడిపోతోంది. పిల్లలు పచ్చికలో దొర్లుతుంటే పెద్దవాళ్లు చెట్టుకో ఫోటో దిగుతున్నారు. ఆమె కూడా చక్కగా ముస్తాబై మొగుడి వెంట వచ్చింది. ఆయన అక్కడే మొక్కలకు అంట్లు కట్టే పని చేస్తాడు. ఒక మొక్క కొమ్మ కోసి, ఇంకో మొక్క కాండానికి గాటు పెట్టి, అందులో దూర్చి గట్టిగా కట్టేస్తాడు. కొన్నాళ్లకు రెండూ కలిసి ఒకే మొక్క అయిపోతాయి.

ఆయన మంచివాడే. కానీ మనసంతా పోయిన మొదటి పెళ్లాం మీదే. ఆవిడా ఈ తోటలోనే పనిచేసింది. ఆవిడ చేత్తో కట్టిన తెల్ల గులాబీ అంటు అద్దాల ఇంట్లో ఇంకా పూస్తోంది. సెలవురోజు కూడా దాన్ని చూడందే ఈయనగారికి ముద్ద దిగదు. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని తేల్చుకోవచ్చు. చచ్చిపోయిన సవతితో ఎక్కడని పోట్లాడుతుంది, పాపం! ఆమె కడుపు రగిలిపోయేది.

"ఇక్కడే కూర్చో, టీ తెస్తా," అన్నాడాయన.

"అటునుంచి అటే మీ గులాబీ దగ్గరికేనా?"

"పొద్దున్నే చూసొచ్చాలే," అని నవ్వాడు.

ఒళ్లు మండింది ఆమెకు. ఆయన అటు తిరగ్గానే లేచింది. ఇవాళ ఆ మొక్కో, తనో!

అద్దాల ఇంటికి రెండు తలుపులు, మధ్యలో ఇరుకు గది. లోపలి వేడి పోకుండా ఒకటి మూశాకే రెండోది తీయాలి. అవతల ఉన్నవాళ్లకు తలుపు తగలకుండా "వస్తున్నా" అని కేకేయడం పనివాళ్ల అలవాటు. మొగుడి నోట విని విని ఆమెకూ అబ్బింది.

మొదటి తలుపు మూసింది. బయటి గోల ఠక్కున ఆగిపోయింది. తడిమట్టి వాసన... దానితోపాటే కుళ్లిన పూల వాసన. ఎక్కడో నీటి చుక్క. టప్... టప్...

"వస్తున్నా," అంది.

"రా చెల్లీ..."

గుసగుసగా. ఆడగొంతు.

ఎవరో పనావిడ అయి ఉంటుందనుకుని తలుపు తోసింది. లోపల ఎవరూ లేరు. అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి. భయమేసి వెనక్కి పోదామనే అనుకుంది. అంతలో గులాబీ కనిపించింది. వాలిన కొమ్మను కర్రకు కట్టి నిలబెట్టాడు మొగుడు. దేనితో? తను రాత్రుళ్లు కూర్చుని అంచు కుట్టి ఇచ్చిన చేతిరుమాలుతో!

అంతే, భయం ఎగిరిపోయింది.

"నీకు ఇది కూడా కావాలిటే?" అంటూ అంటు కట్టిన చోట పట్టుకుని విరిచేసింది. ఫట్!

నీటి చుక్క ఆగిపోయింది.

మెడ వెనక... ఎవరో ఊపిరి వదిలారు. చల్లగా. మరుక్షణం చురుక్కుమంది. వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. తలుపులు ఎలా తీసిందో, ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు.

బయట అదే ఎండ, అదే పిల్లల గోల. ఆయన రెండు టీ కప్పులతో ఎదురొచ్చాడు. ఆమెను చూసి అలాగే నిలబడిపోయాడు. వేడి టీ చేతిమీద ఒలికినా పట్టించుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వచ్చావా..." అన్నాడు.

ఆ చూపు కోసమే కదా ఆమె ఇన్నాళ్లూ మొహం వాచిపోయింది! ఏడుపొచ్చేసింది. పరుగున వెళ్లి ఆయన గుండెల మీద వాలిపోయింది. ఆయన చెయ్యి మెల్లగా ఆమె మెడ వెనక్కి పాకింది.

"అక్కడేదో ఆకు అంటుకున్నట్టుందండీ..." అంటూ ఆమె తనే పట్టుకుని లాగింది.

ప్రాణం పోయినంత నొప్పి. వేళ్లకు నెత్తురు.

ఆయన ఏమాత్రం ఉలిక్కిపడలేదు. ఆమె చేతిని ప్రేమగా, జాగ్రత్తగా పక్కకు తీశాడు.

"కదలకు," అన్నాడు చెవిలో. "ఇంకా అతుక్కోలేదు..."