ఓబులేసు ఊపిరి

డాక్టర్ ఇందుమతి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓబులేసు ఊపిరి వింటోంది. పలుగురాయిని పిండిచేసే మిల్లులో రెండొందల మంది ఛాతీల మీద ఆమె సెన్సర్లున్నాయి. రూపాయి బిళ్ళంత ఉంటుంది ఒక్కోటి. బయటి శబ్దాలు తీసేసి ఒంట్లో చప్పుళ్ళు మాత్రమే కంప్యూటర్‌కి పంపుతుంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే, చెవి దగ్గర వెంట్రుకలు నలిపినంత సన్నటి చిటపట మొదలవుతుంది. అది వినపడ్డ రోజే మనిషిని పనిలోంచి ఇంటికి పంపాలని ఇందుమతే రూలు పెట్టించింది. పాపం, మంచికే పెట్టించింది. ఇంటికెళ్ళినవాడు ఏం తిని బతకాలో మాత్రం ఎవరూ రాయలేదు.

రెండేళ్ళలో ఒక్కరికీ చిటపట రాలేదు. దుమ్ముతో హాని లేదని ఆమె రిపోర్టు రాసిచ్చింది. ఇంకేం, మిల్లువాళ్ళు దుమ్మునణిచే నీళ్ళ పైపులు పీకేశారు.

అందరిలోకీ శుభ్రమైన ఊపిరి ఓబులేసుదే. మెచ్చుకుందామని ఒక ఆదివారం అతనింటికి వెళ్ళింది. మూడు దిండ్లకు ఆనుకుని, గాలి కోసం నోరు తెరుచుకుని ఉన్నాడతను. భార్య సుంకులమ్మ అతని పని చొక్కా దులుపుతోంది. తెల్లటి దుమ్ము లేస్తోంది. సెన్సర్ బిళ్ళ ఆమె మెడ కింద ఉంది.

"ఇది నీ దగ్గరెందుకుంది?"

"ఆయన పెట్టుకుంటే పని పోతాది మేడమ్. మా వీధిలో అందరిండ్లలోనూ ఆడోళ్ళమే పెట్టుకుంటాం."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే ఏం చేస్తారు? రూలు మీదే గదా."

ఇందుమతి సిగ్గుతో బయటికొచ్చేసింది. మర్నాడే మేనేజరు దగ్గరికెళ్ళి రిపోర్టు తప్పని చెప్పింది. అతను ఆ కాగితమే తీసి ముందు పెట్టాడు.

"మిషన్ అబద్ధం చెప్పదని మీరే రాశారు మేడమ్. ఇప్పుడు ఎవరో ఆడమనిషి మాట పట్టుకుని మార్చమంటే ఎలా?"

పైపులు తిరిగి రాలేదు. శ్రావణంలో ఓబులేసు పోయాడు. దుమ్ము వల్ల కాదని రికార్డే చెప్పింది.

కర్మలయ్యాక సుంకులమ్మ ల్యాబుకొచ్చింది.

"మీరు అంటించిన రోజు ఆయనే పెట్టుకున్నాడు మేడమ్. ఆ ఒక్కరోజు ఊపిరి ఉంటే వినిపిస్తారా?"

ఇందుమతి వెతికింది. సెన్సర్ కుదురుకునే రోజని మొదటిరోజు రికార్డులన్నీ చెరిపేశారు. లేదని తల అడ్డంగా ఊపింది.

"అయితే ఇంక ఇది నాకెందుకు" అని సుంకులమ్మ మెడ కింది బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళిపోయింది.

ఊరికే ఉండలేక ఇందుమతి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ బిళ్ళ పంపిన ఆ ఉదయపు ఊపిరి వింది. అడుగున ఎక్కడో, వెంట్రుకలు నలిపినట్టు చిటపట.

అప్పటికే కంప్యూటర్ రూలు ప్రకారం మిల్లుకి కబురు పెట్టేసింది. ఓబులేసును వెంటనే పనిలోంచి ఇంటికి పంపాలని.