ఒంట్లో ఏమైనా ఉందా?

పొద్దున్నే బట్టల మూట విప్పుతూనే అత్త గొణగడం మొదలుపెట్టింది. హోటలు వాళ్ల దుప్పట్లు మొన్న రావలసినవి ఇవాళ వచ్చాయట. మూల ఇంటి మాస్టారు కోటు మీద సిరా ఒంపుకుని పంపించాడట. సబ్బు పొడి డబ్బాకి మూత ఎవరో సరిగ్గా పెట్టలేదట. ఇవేవీ ఆవిడ అసలు బాధ కాదు. అసలు బాధంతా ఆ గోడ గడియారంతోనే. పదింటికి కోడలికి ఎమ్మారై స్కానింగు ఉంది.

ముందు గది లాండ్రీ కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు. ఉతికే మిషన్లు కొడుకువి, ఇస్త్రీ బల్ల కోడలిది, జేబులు అత్తవి. జేబులంటే ఏదో చిన్న పని అనుకోకండి. ఒక్క గుండుసూది మిషన్లో పడితే డ్రమ్ము గీసుకుపోతుంది, ఒక్క తాళంచెవి పడితే నలుగురి బట్టలు చిరుగుతాయి. అందుకే ప్రతి జేబూ తిరగేసి, ప్రతి మడతా తడిమి గానీ ఆవిడ ఒక్క గుడ్డని కూడా లోపలికి పోనివ్వదు. తన కొంగుకి సైతం పిన్ను పెట్టుకోని మనిషి.

"రాత్రి మళ్లీ నిద్రపోలేదు కదూ?" అంది, కోడలి వైపు చూడకుండానే.

"పోయాను అత్తయ్యా."

"పోయావులే! గోడ అవతల నాకు వినపడింది నీ మూలుగు."

కోడలు నవ్వబోయి పెదవి కొరుక్కుంది. ఎడమ తుంటిలో పోటు. చాలా రోజులుగా ఒంటికాలి మీద బరువు మోపి ఇస్త్రీ చేస్తోంది. ముందు తుంటి అంది, తర్వాత గజ్జల్లో అంది, ఇప్పుడు పొత్తికడుపు దాకా పాకిందంటోంది. ఎముకల డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూసి, మొహం ముడిచి, తుంటికీ పొత్తికడుపుకీ కలిపి ఎమ్మారై తీయించమన్నాడు. తీయించడం మాత్రం కుదరడం లేదు. మొదటిసారి అత్తకి ఉన్నట్టుండి కళ్లు తిరిగాయి. రెండోసారి సరిగ్గా బయల్దేరే వేళకి మిషను గొట్టం ఊడి కొట్టంతా నీళ్లయింది. ఆ గొట్టం ఎలా ఊడిందో కొడుక్కి ఇప్పటికీ అంతుబట్టలేదు.

అంతలో కొడుకు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇక కట్టిపెట్టండి. టాక్సీ పిలిచాను."

"ఎందుకురా ఈ హడావిడి? నిలబడి నిలబడి నడుము పట్టేసింది, అంతే. వేడి నీళ్ల కాపడం పెడితే..."

"నడుము కాదమ్మా, తుంటి. పెట్టిన కాపడాలకి చర్మం కమిలిపోయింది, నొప్పి మాత్రం పోలేదు."

"పోనీ నాలుగు రోజులు మంచం మీద పడుకోనీ. ఇస్త్రీ నేను చేస్తాను."

"అమ్మా!" కొడుకు గొంతు లేచింది. "ప్రతిసారీ ఏదో ఒక అడ్డం పుల్ల వేస్తున్నావు. ఇది నొప్పితో చస్తుంటే నీకు చీమ కుట్టినట్టైనా లేదా?"

"అలా అనకండి," అంది కోడలు వెంటనే. "అత్తయ్యకి ఆస్పత్రి అంటే భయం. నాకు మాత్రం లేదా? అప్పటి నుంచి ఆ వాసనే పడదు నాకు."

అప్పటి నుంచి అంటే ఎప్పటి నుంచో ఆ ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పుకోరు. పురిటికి వెళ్లి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చినప్పటి నుంచి అన్నమాట. అత్త గబగబా చేతిలో దుప్పటి మడత పెట్టసాగింది. కోడలు తనని వెనకేసుకొచ్చినప్పుడల్లా ఆవిడకి గుండెలో కలుక్కుమంటుంది.

ఏం చేస్తుంది మరి! ఆ రోజు పురిటి గదిలో కోడలు రక్తం కారిపోయి, స్పృహ లేకుండా పడి ఉంది. కొడుకు రక్తం కోసం ఊరంతా పరుగులు పెడుతున్నాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి, ఈ పిల్ల బతికితే కనీసం రెండేళ్లు మళ్లీ కడుపు రాకూడదు, వస్తే మనిషి దక్కదు, లూపు వేసేస్తాను, ఏమంటారు అని అడిగింది. వేసేయండమ్మా, పిల్ల బతికితే చాలు అంది అత్త. ఆ మాట తప్పని ఇప్పటికీ ఆవిడ అనుకోదు. తప్పంతా ఆ తర్వాతే. ఇంటికి వెళ్లేటప్పుడు నర్సు చెప్పబోతే, నేను మెల్లగా చెప్పుకుంటానంది. చెప్పలేదు. ఇంటికొచ్చిన కోడలు, నాకు ఇంకో పాప కావాలి, వెంటనే కావాలి అని గోడకేసి తల కొట్టుకుంటుంటే ఏమని చెబుతుంది? రెండేళ్లు గడవనీ అనుకుంది. గడిచాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తోచలేదు. అది దానంతట అదే ఎప్పుడో జారిపోయి ఉంటుందిలే అని తనకి తాను నచ్చజెప్పుకుంది. కానీ నెలనెలా కోడలు స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడుస్తుంటే, జారిపోలేదని ఆవిడకి తెలుస్తూనే ఉంది. డాక్టరుకి చూపించుకుంటానన్నప్పుడల్లా, ఒళ్లు కుదుటపడనీ అమ్మాయ్, తొందరెందుకు అని ఒళ్లోకి తీసుకుని తల నిమిరేది కూడా ఆవిడే.

స్కానింగు సెంటరులో ఏసీ చలి. తెల్ల గోడలు, తెల్ల కుర్చీలు, తలుపు అవతల ఏదో పెద్ద యంత్రం ఆగకుండా గుయ్‌మంటున్న చప్పుడు. వెళ్లగానే కోడలికి వెనక ముడులు కట్టే గౌను ఇచ్చారు. చెవులవీ మెడలోవీ తీసి అత్త చేతిలో పెట్టింది. "జేబులు మీవే కదా అత్తయ్యా," అని నవ్వింది. అత్తకి నవ్వు రాలేదు.

టెక్నీషియన్ కుర్రతనం ఇంకా వదలని మనిషి, మాటల పుట్ట. "చూడండమ్మా, ఒంట్లో ఎక్కడైనా లోహం ఉందా? గుండెకి మిషను, ఎముకల్లో రాడ్లు, క్లిప్పులు, లూపు లాంటివి?"

"ఏమీ లేవు," అంది కోడలు.

"లూపు ఎందుకుంటుందండీ?" కొడుకు చిన్నగా నిట్టూర్చాడు. "మేం పిల్లల కోసమే చూస్తున్నాం."

"అడగడం నా డ్యూటీ సార్. లోపల ఉన్నది మామూలు అయస్కాంతం కాదు. మొన్న ఒకాయన జేబులో తాళంచెవి మర్చిపోయి లోపలికి వచ్చాడు. రివ్వుమని ఎగిరి వెళ్లి మిషనుకి అతుక్కుంది. మధ్యలో మనిషుంటే ఏమయ్యేదో చెప్పండి!"

అత్త చేతిలో కోడలి దుద్దులు చెమటకి తడిసిపోయాయి. చెబితే ఈ పిల్ల ఇక తన మొహం చూడదు. కన్నకూతురు లేని లోటు తీర్చిన పిల్ల. చెప్పకపోతే... ఆ తాళంచెవి ఎగిరినట్టు కడుపులోంచి... అమ్మో. అడ్డుకోవడానికి నోరు తెరిచింది. అంతలోనే మూసుకుంది. టెక్నీషియన్ కోడలికి చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ముక్కలు ఇచ్చి, భయమేస్తే నొక్కమని రబ్బరు బుడ్డి చూపించి, బరువైన తలుపు తెరిచాడు. గుయ్‌మనే చప్పుడు ఒక్కసారి పెద్దదైంది. కోడలు కుంటుతూ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అత్త వైపు చూసి, ఏం కాదులెండి అన్నట్టు చెయ్యి ఊపింది.

"ఆపండి!" అత్త కేకకి బయట కూర్చున్న వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. "దాన్ని లోపలికి పంపొద్దు! ఉంది! దాని ఒంట్లో ఉంది!"

"ఏముందమ్మా?" టెక్నీషియన్ తలుపు మూసేశాడు.

"ఏం లేదండీ," కోడలు కంగారుగా అంది. "అత్తయ్యకి భయం, అందుకే ఏదో..."

"భయం కాదే తల్లీ. లూపు ఉంది. నీ కడుపులో లూపు ఉంది. పాప పోయిన రోజున నేనే వేయించాను."

కోడలు గౌను ముడి పట్టుకుని నిలబడిపోయింది. ఆమె మొహం ముందు అయోమయంగా, తర్వాత మెల్లమెల్లగా రక్తం లేనట్టుగా అయిపోయింది. నెలనెలా ఏడ్చిన ఏడుపులన్నీ లెక్కకి వస్తున్నాయి కాబోలు. అత్త ఉన్నదంతా చెప్పింది. డాక్టరమ్మ మాట, తను ఒప్పుకోవడం, నర్సుని ఆపడం, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదామని ఇన్నేళ్లు నెట్టుకురావడం. తనని తాను ఎక్కడా కాపాడుకోలేదు.

"నా తల నిమిరేవారు," అంది కోడలు, ఎవరితోనో అన్నట్టు. "మీ ఒళ్లో పడుకుని ఏడిస్తే, దేనికైనా టైము రావాలి అమ్మాయ్ అనేవారు." తిట్టినా బాగుండేది.

టెక్నీషియన్ మాటలన్నీ ఎటో పోయాయి. "రాగిదైతే సాధారణంగా ప్రమాదం ఉండదు. కానీ ఏ రకమో, ఎక్కడుందో తెలియకుండా నేను పంపను. ముందు ఎక్స్‌రే తీద్దాం," అన్నాడు నెమ్మదిగా.

ఎక్స్‌రేలో అది కనిపించింది. ఉండవలసిన చోట లేదు. స్కానింగు సెంటరు డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించింది. ఈమధ్యే గర్భసంచి గోడ దాటి ఎడమ వైపుకి జరిగినట్టుంది, తుంటి ఎముక దగ్గర అడ్డంగా పడి ఉంది. నొప్పి దానివల్లేనేమో, చుట్టూ చీము పట్టిందేమో ఎమ్మారై చూస్తే తెలుస్తుందంది. ఇది రాగిదే, ఎమ్మారై తీయొచ్చు, భయం లేదంది. తర్వాత ఆపరేషన్ చేసి తీయాలంది.

"తీశాక పిల్లలు..." కొడుకు అడగబోయాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేనండీ. లోపల ఎంత దెబ్బ తగిలిందో చూడాలి."

ఈసారి కోడలు లోపలికి వెళ్తూ వెనక్కి చూడలేదు. తలుపు మూసుకుంది. కాసేపటికి గోడల్లోంచి దబదబమని చప్పుళ్లు మొదలయ్యాయి. ఎవరో ఆగి ఆగి తలుపు బాదుతున్నట్టుంది. బాదిన ప్రతిసారీ అత్త ఉలిక్కిపడుతోంది.

కొడుకు ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. నేల వైపు చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు ఇంటికి రావద్దు."

"సరేరా."

"దాని మొహం చూసి ఇన్నేళ్లు అన్నం ఎలా తిన్నావమ్మా?"

"తెలీదురా. తిన్నాను." ఆవిడ కొంగుతో మొహం కప్పుకుంది. "నన్నెక్కడైనా వదిలెయ్. దాన్ని మాత్రం బాగా చూసుకో. కాపడం మరీ వేడిగా పెట్టకు, దాని చర్మం తట్టుకోలేదు."

చప్పుళ్లు ఆగిపోయాయి. తలుపు తెరుచుకుని కోడలు గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. మొగుడు లేచి చెయ్యి అందించబోతే, వద్దన్నట్టు తల ఊపింది. ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. అత్త దుద్దులు ఉన్న గుప్పిట ముందుకి చాచింది. కోడలు వాటిని తీసుకోలేదు.

"లోపల ఆ గొట్టంలో పడుకుని ఒకటే అనుకున్నాను," అంది. "ఇంకేమైనా దాచారా నా దగ్గర?"

అత్త తల ఎత్తింది. లేదని చెప్పడం ఎంత తేలికో! అలా అనేస్తే ఆ రోజుకి అక్కడితో ముగిసిపోయేది.

"దాచాను," అంది.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

"చెప్పనీరా. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను." "పాప కడుపులోనే పోయిందని చెప్పాను కదమ్మా నీకు. అబద్ధం. బతికే పుట్టింది. నువ్వు లోపల ఉన్నావు, వీడు రక్తం కోసం వెళ్లాడు. తెచ్చి నా ఒళ్లో పెట్టారు. కాసేపు ఉంది. ఏడ్చింది కూడా. నేను చూస్తుండగానే... ఆ ఏడుపు నువ్వు వినలేకపోయావని తెలిస్తే పిచ్చిదానివైపోతావని చెప్పలేదు."

కోడలు బెంచీ అంచు పట్టుకుంది.

"నా కడుపులో చచ్చిపోలేదా?"

"లేదమ్మా."

"నేను చంపుకోలేదా? నా ఒంట్లోనే ఏదో ఉంది, నేనే దాన్ని మింగేశానని... ఇన్నేళ్లూ... రోజూ..."

"లేదు తల్లీ! నువ్వేం చెయ్యలేదు. నిండుగా, బంగారం లాంటి పిల్లని కన్నావు. ఊపిరి తీసుకోవడమే దానికి చాతకాలేదు." అత్త భోరుమంది. "నీ మనసులో ఇది ఉందని నాకు తెలియదే. తెలిస్తే ఆ రోజే చెప్పేదాన్ని. ఒట్టు, ఆ రోజే చెప్పేదాన్ని!"

కోడలు ఏడవడం మొదలుపెట్టింది. కుళాయి చప్పుడు మాటున దాచుకున్న ఏడుపు కాదది. గొంతెత్తి, నలుగురూ చూస్తుండగా, బెంచీ మీద అత్త పక్కన కూలబడి ఏడ్చింది. ఓదార్చబోయిన అత్త చెయ్యి సగంలో ఆగిపోయింది. తల నిమిరే హక్కు తనకి లేదని తెలుసు. కోడలే ఆ చెయ్యి పట్టుకుంది. ప్రేమగా కాదు, గోళ్లు దిగేలా, ఎముకలు నలిగేలా పట్టుకుంది. అత్త విదిలించుకోలేదు.

"మిమ్మల్ని ఎప్పటికి క్షమిస్తానో నాకు తెలీదు అత్తయ్యా. అసలు క్షమిస్తానో లేదో కూడా తెలీదు."

"వద్దమ్మా. అడగను."

"కానీ దాన్ని చూసింది మీరొక్కరే." కోడలు మొహం తుడుచుకుంది. మొగుడి వైపు తిరిగి, మీరూ రండి అన్నట్టు చూసింది. అతను వచ్చి ఇంకో పక్కన కూర్చున్నాడు. "చెప్పండి. ఎలా ఉందో చెప్పండి. ఎలా ఏడ్చిందో చెప్పండి. ఏదీ వదలొద్దు."

అత్త ఊపిరి కూడదీసుకుంది. అవతల టెక్నీషియన్ ఇంకెవరినో పిలుస్తున్నాడు, ఎవరో లేచి వెళ్తున్నారు. ఆవిడ రెండు చేతులూ దగ్గరికి చేర్చి, ఇంతే ఉంది అన్నట్టు చూపించింది.

"జుట్టు ఒత్తుగా ఉంది," అంది. "అచ్చం నీ జుట్టే."